పొడి అక్షరాల వెనక ఆడపేర్లు

అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో పేరు మోసిన కార్ల పందేల ట్రాక్ ఒకటుంది. దాని మ్యూజియంలో బోర్గ్ వార్నర్ ట్రోఫీ అనే వెండి కప్పు పెట్టారు. దాదాపు మనిషెత్తు ఉంటుంది. 1936లో ఆవిష్కరించిన ఆ కప్పు మీద, 1911 నుంచి అక్కడ జరుగుతున్న ఐదు వందల మైళ్ల పందెంలో గెలిచిన ప్రతి డ్రైవరు ముఖాన్నీ చిన్న శిల్పంగా మలిచారు. నూటికి పైగా ముఖాలు. అన్నీ మగముఖాలే. కొసన గళ్ల జెండా ఊపుతున్న బొమ్మ కూడా మగవాడిదే, అదీ దిసమొలతో. అన్ని వెండి ముఖాల మధ్య ఒకే ఒక్క బంగారు ముఖం ఉంది. అది 1945లో ఆ ట్రాక్‌ని కొన్న టోనీ హల్మన్‌ది. ఆయన డ్రైవరు కాదు, యజమాని.

ఆడవాళ్లెవరూ గెలవలేదు, అందుకే ఆడముఖం లేదు, ఇందులో విమర్శించడానికి ఏముంది అని ఎవరైనా అడగొచ్చు. సాహిత్య చరిత్రల గురించి మనం ప్రశ్నలు వేసినప్పుడు కూడా ఇదే జవాబు వచ్చింది. రాయలేదు కాబట్టి లేరు అన్నారు. రాశారని మనం వెతికి చూపించాక, రాశారు గానీ గొప్పగా రాయలేదు అన్నారు. కాబట్టి ఒక పందేల మ్యూజియాన్ని కూడా సాహిత్య చరిత్రని చదివినట్టే చదవాలనిపించింది. ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఎవరి పేరు చిన్న అక్షరాల్లో ఉంది, ఎవరి పేరు పొడి అక్షరాలతో సరిపెట్టుకుంది అన్నది నా లెక్క.

2025 వేసవిలో మా ఇంటిల్లిపాదీ ఒక పగలంతా అక్కడ గడిపాం. మా అబ్బాయి, కోడలు, వాళ్ల పాప, మదనపల్లె నుంచి వెళ్లిన నేను, కుప్పం దగ్గర పల్లె నుంచి వచ్చిన మా వియ్యపురాలు. వదిన అంటాను ఆమెని. మ్యూజియం ట్రాక్ బయట ఉండదు. అండాకారంగా ఉన్న రెండున్నర మైళ్ల ట్రాక్ కిందనుంచి సొరంగంలో వెళ్తే లోపల, మధ్యలో ఉంటుంది. 1909లో ఈ ట్రాక్ అంతా 32 లక్షల ఇటుకలు పరిచారు. ఇప్పుడు పందెం మొదలయ్యే గీత దగ్గర గజం వెడల్పు ఇటుకల పట్టీ మాత్రం మిగిల్చి, తక్కినదంతా తారు వేసేశారు. 2023 నవంబరులో మరమ్మతులకని మూసిన మ్యూజియాన్ని 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు.

కప్పు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి వదిన అంది: "ఇంతమందిలో ఒక్క ఆడమనిషీ లేదేంది వదినా?"

ఆ కప్పు మీద 1929 విజేతగా రే కీచ్ ముఖం ఉంది. పందెం గెలిచిన పదహారు రోజులకి ఇంకో పందెంలో చనిపోయాడతను. అతను నడిపిన కారు యజమాని పేరు పాత రికార్డుల్లో ఎం. ఎ. యేగల్. ఆ పొడి అక్షరాల వెనక ఉన్న మనిషి మాడ్ యేగల్ అనే స్త్రీ. ఫిలడెల్ఫియా ఆమెది. డబ్బు ఆమెది, కారు ఆమెది, గెలుపు ఆమెది. కానీ కార్లు సిద్ధం చేసే గారేజీల్లోకి గానీ, పందెం మధ్యలో టైర్లు మార్చే చోటుకి గానీ ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు. తన కారు గెలవడాన్ని ఆమె జనంలో, గ్యాలరీలో కూర్చుని చూసింది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. ఒక్కతే యజమానురాలిగా ఉండి ఈ పందెం గెలిచిన స్త్రీ ఇప్పటిదాకా ఆమె తప్ప ఇంకొకరు లేరు.

పేరు పూర్తిగా రాస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తెలుగులో 1960, 70 దశకాల్లో దీనికి తలకిందుల తమాషా జరిగింది. రచయిత్రుల నవలలు వారపత్రికల అమ్మకాలు పెంచుతున్న రోజుల్లో కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఆడపేరుకి గిరాకీ ఉన్నప్పుడు మగవాడు దాన్ని తొడుక్కుని, గిరాకీ తగ్గాక విప్పేసి వెళ్లిపోగలడు. యేగల్ తన పేరు కుదించుకున్నది గిరాకీ కోసం అనుకోలేం. గేటు దగ్గర ఆపకుండా ఉండటానికి. రెండూ మారుపేర్లే అయినా రెండింటి అవసరం ఒకటి కాదు.

కప్పు తర్వాత అందరూ ఆగి చూసేది మార్మన్ వాస్ప్ అనే పసుప్పచ్చ కారు. 1911లో మొదటి ఐదు వందల మైళ్ల పందెం గెలిచింది ఇదే. నడిపింది రే హరూన్. అప్పట్లో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పేవాడు. హరూన్ ఒక్కడే కూర్చునే కారు తెచ్చాడు. వెనక చూసే మనిషి లేకపోతే ప్రమాదమని మిగతావాళ్లు గొడవ చేస్తే, ముందు అద్దం బిగించుకున్నాడు. కారుకి వెనక చూసే అద్దం అక్కడ పుట్టిందని వాడుకలో ఉన్న కథ. గుర్రపు బండికి అలాంటి అద్దం ఉండగా తను ముందే చూశానని హరూనే తర్వాత చెప్పాడు. అది అతని నిజాయితీ.

అయితే 1909లోనే ఇంగ్లండులో డొరతీ లెవిట్ అనే స్త్రీ కారు నడపాలనుకునే ఆడవాళ్ల కోసం ఒక పుస్తకం రాసింది. ఆమె స్వయంగా పందేలు నడిపిన మనిషి. చేతిలో పట్టుకునే చిన్న అద్దం దగ్గర పెట్టుకోండి, వెనక ఏం వస్తోందో చూసుకోవడానికి అప్పుడప్పుడు ఎత్తి పట్టుకోండి అని ఆ పుస్తకంలో సలహా ఇచ్చింది. అలంకారానికి తప్ప ఆడదానికి అద్దం ఎందుకు అనుకునే లోకంలో ఆమె దాన్ని పనిముట్టు చేసింది. హరూన్ అద్దానికి రెండేళ్ల ముందు మాట ఇది.

ఈ కథ మనకి ఎక్కడో విన్నట్టు ఉంటుంది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' తొలి ఆధునిక తెలుగు కథ అని దశాబ్దాలు చదువుకున్నాం, పాఠాలు చెప్పాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయిందని గుర్తు చేశాక కూడా, అది కథే అయినా ఆధునికం కాదేమో, భాష గ్రాంథికం కదా అని కొలతలు మార్చారు. లెవిట్ విషయంలోనూ అదే వాదన చేయొచ్చు. ఆమెది చేతి అద్దం, కారుకి బిగించింది కాదు కదా అని. నిజమే. హరూన్ చేసిన పని హరూన్‌దే, దాన్ని తగ్గించాల్సిన అవసరం లేదు. కానీ వెనక చూసుకోవడం అనే అవసరాన్ని ముందు గుర్తించి, రాసి, అచ్చేసిన మనిషి ఆ కథలోకి ఎందుకు రాదు? 'తొలి' అనే మాట ఎవరి తలుపు దగ్గర మొదలుపెట్టి లెక్కిస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక పందెం మొదలయ్యేముందు పలికే మాట సంగతి. "జెంటిల్‌మెన్, మీ ఇంజన్లు స్టార్ట్ చేయండి" అని ట్రాక్ యజమాని మైకులో ప్రకటించడం అక్కడ ఆచారం. 1977లో ఆ ఆచారానికి చిక్కొచ్చింది. జానెట్ గుత్రీ ఆ ఏడు పందేనికి అర్హత సంపాదించింది. ఆ ట్రాక్ మీద అర్హత పొందిన మొదటి స్త్రీ ఆమె. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివి, విమానాల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసింది. తన జాగ్వార్ కారు ఇంజను విప్పి తనే బిగించుకునేది. అంతకుముందు ఏడాది, 1976లో, ఆమెకి అర్హత దొరకలేదు. అప్పుడు ఇంకొక పేరున్న డ్రైవరు తన రెండో కారు ఇస్తే సాధనలో సరిపడా వేగం అందుకుంది. కానీ ఆ కారుతో అసలు పరీక్షకి దిగే అవకాశం రాలేదు. ఆడదానికి అంత బలం ఉండదు, అంతసేపు ఓర్చుకోలేదు అన్న మాటలు మాత్రం వచ్చాయి.

మరి 1977లో ఆమె వరసలో నిలబడితే "జెంటిల్‌మెన్" అని ఎలా పిలుస్తారు? యాజమాన్యం తెలివిగా ఒక వాదన తీసింది. ఇంజను స్టార్ట్ చేసేది డ్రైవరు కాదు, బయటనుంచి యంత్రం పెట్టి తిప్పే మెకానిక్. మెకానిక్‌లు మగవాళ్లే కాబట్టి మాట మార్చక్కర్లేదు అని. దీనికి గుత్రీ జట్టు ఇచ్చిన జవాబు నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ఘట్టం. తమ కారు స్టార్ట్ చేసే పనిని కే బిగ్నోటీ అనే స్త్రీకి అప్పగించారు. వాదన కూలిపోయింది. అయినా హల్మన్ చివరికి అన్నది ఏమిటంటే, ఇండియానాపొలిస్‌లో అర్హత పొందిన మొట్టమొదటి మహిళ సాహచర్యంలో, జెంటిల్‌మెన్, ఇంజన్లు స్టార్ట్ చేయండి అని. పిలుపు మగవాళ్లకి, ఆమె సాహచర్యం. ఆ ఏడాది చివర్లో ఆయన చనిపోయాక మైకు ఆయన భార్య మేరీ చేతికొచ్చింది. ఆమె 'లేడీ'ని ముందుకు తెచ్చి పిలిచింది. ఆమె తర్వాత కూతురు చాలా ఏళ్లు ఆ మాట పలికింది. మైకు ముందు స్త్రీ నిలబడి "జెంటిల్‌మెన్" అని పిలిచిన సంవత్సరాలు కూడా అందులో ఉన్నాయి. గొంతు ఆమెది, పాఠం ఎవరిదో. ఇటీవలి ఏళ్లలో "డ్రైవర్స్" అంటున్నారు. పని పేరుతో పిలిస్తే సరిపోయేదానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ భాషని చూసి మనం నవ్వుకుంటే మన భాష మనల్ని చూసి నవ్వుతుంది. 1977 పందెంలో ఇంజను ఇబ్బంది పెట్టి గుత్రీ 29వ స్థానంలో మిగిలింది. దీన్ని తెలుగులో రాస్తే: కారు ఆగింది, గుత్రీ ఆగింది. కారుకీ ఆమెకీ ఒకే క్రియ. అదే మగ డ్రైవరైతే కారు ఆగింది, అతను ఆగాడు. ఏకవచనంలో ఉన్నంతసేపూ మనం వస్తువులతో, జంతువులతో ఒక బంతిలో ఉంటాం. బహువచనంలోకి వచ్చాకే 'వాళ్లు ఆగారు' అని మనుషుల లెక్కలో పడతాం. వ్యాకరణం అన్యాపదేశంగా ఒక మంచి మాటే చెబుతోందేమో. ఒక్క స్త్రీ ఉంటే వింత. పదిమంది ఉంటే మనుషులు.

ఇండియానాపొలిస్‌లో ఆ బహువచనం ఇంకా సరిగ్గా ఏర్పడలేదు. 2025 దాకా ఈ పందెం నడిపిన స్త్రీలు తొమ్మిది మంది. 1978లో గుత్రీ తనే జట్టు కట్టుకుని, మణికట్టు విరిగిన సంగతి దాచిపెట్టి నడిపి, తొమ్మిదో స్థానంలో నిలిచింది. 1979 తర్వాత ఆమెకి మళ్లీ అక్కడ నడిపే అవకాశం రాలేదు. నైపుణ్యం తగ్గి ఆగలేదు, డబ్బు పెట్టే స్పాన్సర్లు దొరకలేదు. ఆమె తర్వాత ఇంకో స్త్రీ, లిన్ సెయింట్ జేమ్స్, రావడానికి 1992 దాకా పట్టింది. అప్పటికి లిన్ వయసు 45. ఆ ఏటి ఉత్తమ కొత్త డ్రైవరు బహుమతి ఆమెకే వచ్చింది. నల్లజాతి డ్రైవరు అక్కడ అర్హత పొందడం కూడా 1991లోనే, విల్లీ రిబ్స్‌తో మొదలు. గేటు ఆడవాళ్లకే మూసి లేదు.

2005లో డానికా పాట్రిక్ 19 చుట్లు అందరికన్నా ముందు నడిపి నాలుగో స్థానంలో, 2009లో మూడో స్థానంలో నిలిచింది. ఆమెకి స్పాన్సర్లకి లోటు లేకపోయింది. కానీ పత్రికల్లో స్విమ్‌సూట్ ఫొటోలూ, ఆమె ఒంటిని ముందుపెట్టి తీసిన ప్రకటనలూ ఆమె వేగంతో సమానంగా తిరిగాయి. ఆమెని తప్పుపట్టడం తేలిక. గుత్రీని పక్కన పెట్టి చూస్తే ఆ బేరం ఆమె కనిపెట్టింది కాదని అర్థమవుతుంది. ఒంటిని పక్కనపెట్టి ఇంజనీరుగా వచ్చిన స్త్రీకి డబ్బు పుట్టలేదు. డబ్బు పుట్టిన స్త్రీని ఒంటి నుంచి విడదీసి చూడలేదు. మన దగ్గర 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ పందెం జరిగింది. డ్రైవర్లంతా మగవాళ్లే. దాని ఖర్చు మీద తర్వాత కేసుల దాకా వెళ్లిన చర్చ జరిగింది. ఈ సంగతి ప్రశ్నగా కూడా లేవగా నేను వినలేదు.

గెలిచినవాడు పాలు తాగడం ఇండియానాపొలిస్‌లో ఇంకో ఆచారం. 1936లో మూడోసారి గెలిచిన లూయీ మేయర్, ఎండపూట మజ్జిగ తాగితే సేద తీరుతుందని వాళ్లమ్మ చెప్పింది కాబట్టి, మజ్జిగ సీసా ఎత్తి తాగాడు. ఆ ఫొటో పేపర్లో పడింది. పాల వ్యాపారులకి అందులో ప్రచారం కనిపించింది. మజ్జిగ కాస్తా పాలయింది. 1956 నుంచి ఏటా తప్పకుండా సాగుతోంది. కథ చెప్పేవాళ్లందరూ "వాళ్లమ్మ చెప్పింది" అంటారు. ఆ అమ్మకి ఒక పేరుంటుందని ఎవరికీ తట్టదు.

నేనిది వివరిస్తుంటే వదిన విని, "పాలు తాగేవోడి బొమ్మ ఉందిలే. పిండిందెవురో ఏడన్నా రాసుండారా?" అంది.

ఆమె నలభై ఏళ్లు ఆవులు సాకింది. పొద్దున నాలుగు గంటలకి లేచి పేడ తీసి, కసువు కోసి, పాలు పిండి, బిందె మోసుకెళ్లి కేంద్రంలో పోసింది. పాల పుస్తకం ఆమె భర్త పేరున ఉండేది. బిల్లు ఆయన సంతకంతో వచ్చేది. మా పుంగనూరు పేరు దేశమంతా తెలిసింది ఒక పొట్టి ఆవు జాతి వల్ల. మూడడుగుల ఎత్తుండే ఆ ఆవు వెన్న శాతం ఎక్కువున్న పాలకి ప్రసిద్ధి. జాతికి ఊరి పేరు దక్కింది. దాన్ని మేపినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మాడ్ యేగల్ పేరు పొడి అక్షరాలయింది. మా వదినకి ఆ పొడి అక్షరాలైనా లేవు.

ఆ సాయంత్రం పుంగనూరు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "అబ్బోడు తీసకపోయినాడా?" అని అడిగింది. వదిన ఫోన్ అందుకుని, "అబ్బోడు పక్కన కూసున్న్యాడు. తోలింది నా కూతురు" అంది. మా కోడలు హెచ్ 4 వీసా మీద వెళ్లిన రోజుల్లో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. బస్సులు లేని ఆ శివార్లలో కారు తోలడం రాకపోతే పాలపొట్లానికి కూడా భర్త కోసం ఎదురుచూడాలి. ఆమెకి డ్రైవింగ్ లైసెన్సు అంటే ఇంటి తలుపు తాళంచెవి. "తీసుకెళ్లాడు" అనే చిన్న మాటలో అదంతా మాయమైపోతుంది.

పందెం ట్రాక్‌కీ స్త్రీల ఉద్యమానికీ పాత సంబంధం ఉంది. 1913 జూన్ 4న ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందెంలో, ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డంగా వెళ్లి, దెబ్బలతో నాలుగు రోజులకి చనిపోయింది. అదే పోరాటంలో లండన్ హాలోవే జైల్లో ఒక నెల గడిపి, 1913లో ఐర్లండులో మళ్లీ జైలుకెళ్లి నిరాహారదీక్ష చేసిన స్త్రీ ఒకామె తర్వాత మా మదనపల్లెకి వచ్చింది. ఆమె మార్గరెట్ కజిన్స్. 1917లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఒకరు. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడటానికి ముఖ్య కారకురాలు. 1919 ఫిబ్రవరిలో టాగోర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేసి 'జనగణమన'ని ఇంగ్లీషు చేసినప్పుడు, ఆ పాట స్వరాలు రాసిపెట్టింది ఆమె. మా ఊళ్లో ఆ కథ చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ ఆమెని పరిచయం చేసే మాట "ప్రిన్సిపాల్ గారి భార్య". జైళ్లు, సంఘాలు, ఓటు హక్కు అన్నీ రాలిపోయి, మొదటి మహిళ సాహచర్యంలో అన్నట్టు, ప్రిన్సిపాల్ గారి సాహచర్యం మిగిలింది.

కప్పు మీద ఒక స్త్రీ ముఖం ఎక్కితే ఇదంతా సరైపోతుందని నాకు నమ్మకం లేదు. 'తొలి మహిళ' అనే బిరుదు చుట్టూ చప్పట్లు కొట్టి, రెండో ఆమె కోసం పదిహేనేళ్లు ఎదురుచూసిన చోటు అది. స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు నాయకురాళ్ల పేర్ల పట్టిక ఇచ్చి ఊరుకోలేదు. అన్నం వండినవాళ్లని, కబురు మోసినవాళ్లని, తుపాకీ పట్టినవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించింది. మ్యూజియాలకి కావలసిన పద్ధతి అదే. యేగల్ పొడి అక్షరాలని విప్పి రాయాలి. హరూన్ అద్దం పక్కన లెవిట్ పుస్తకం ఉండాలి. ఇంజను తిప్పిన బిగ్నోటీ చెయ్యి గుత్రీ హెల్మెట్ అంత ముఖ్యమని చెప్పాలి. గుత్రీ హెల్మెట్, దుస్తులు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. మంచిదే. బిగ్నోటీ పట్టుకున్న యంత్రం ఎక్కడుందో అడిగేవాళ్లు కూడా ఉండాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా బస్సుల్లో వెళ్లే ఆడవాళ్లు తమ ఊళ్లలో ఈ లెక్క తీయొచ్చు. పాల పుస్తకం ఎవరి పేరున ఉంది? బండి ఎవరి పేరున ఉంది, తోలేది ఎవరు? కాలేజీ గోడ మీద ఎవరి పేరు ముందుంది, ఎవరు ఎవరి భార్యగా ఉన్నారు? తెలిసినవాళ్లు పూర్తి పేర్లతో రాసి పంపితే ఈ వ్యాసం ముందుకు సాగుతుంది.